పాత సాకెట్ విప్పే ముందు ఇది చదవండి

ఎండలు ముదిరాయి, అటక మీది కూలర్లు కిందికి దిగుతున్నాయి. ఇనప కూలర్ పట్టుకుని షాక్ కొట్టి పోయారన్న వార్త ఏటా వింటూనే ఉన్నాం. కూలర్‌ని తిట్టుకుంటాం గానీ గోడలో సాకెట్‌ని ఎవరం చూడం.

పిన్ను పెడితే ఊగుతున్నా, చుట్టూ నల్లబడినా, కాలిన వాసన వచ్చినా దాని పని అయిపోయినట్టే. టేపు చుట్టి నడిపించొద్దు.

మన ఊళ్లలో ఒక అలవాటుంది. కరెంటు పోగానే ఇదే సందని స్క్రూడ్రైవర్ పట్టుకుంటాం. అంతకంటే ప్రమాదం లేదండీ. కరెంటు మళ్లీ ఎప్పుడిస్తారో మనకి చెప్పి ఇవ్వరు కదా. మెయిన్ ఆపండి, ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. జేబులో అని ఎందుకంటున్నానంటే, మీరు వైరు పట్టుకుని ఉండగా ఫ్యాను తిరగట్లేదని ఇంట్లో ఎవరో ఒకరు పోయి పెట్టేస్తారు. ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపాలి. మెయిన్ తీసినా బ్యాటరీ వైపు నుంచి 230 వోల్టులు వస్తూనే ఉంటాయి. బోర్డు మీది స్విచ్ ఆపాం కదా అనుకోవద్దు. కొన్ని ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ మీద పడి ఉంటుంది, అప్పుడు స్విచ్ ఆపినా సాకెట్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది.

టెస్టర్‌ని ముందు కరెంటున్న చోట పెట్టి వెలుగుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే మెయిన్ ఆపండి. సాకెట్ విప్పాక ప్రతి వైరూ మళ్లీ చూడండి. పీకేముందు సెల్‌ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటే మేలు.

సాకెట్‌కి ఎదురుగా నిలబడితే పైన పెద్ద బొక్క ఎర్త్, కుడి పక్క ఫేజ్, ఎడమ పక్క న్యూట్రల్. పాత వైరింగులో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, పచ్చది ఎర్త్. అయినా రంగుని నమ్మొద్దు, టెస్టర్‌నే నమ్మండి. వైరు తొడుగు పెళుసుగా విరుగుతుంటే మాత్రం చెయ్యి పెట్టకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

గీజరు కొన్నామని 6 ఆంప్స్ సాకెట్ తీసి 16 ఆంప్స్‌ది బిగిస్తారు కొందరు. లోపల వైరు సన్నదే కదా! గోడలోనే కాలిపోతుంది. దానికి మెయిన్ నుంచి వేరే లైను లాగాలి, గీజరుకి 4 ఎంఎం రాగి వైరు వేస్తే నిశ్చింత.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఎర్త్ విషయంలో. రెండు పిన్నుల కాలంనాటి ఇళ్లలో ఎర్త్ వైరే ఉండదు. మూడు పిన్నుల సాకెట్ పెట్టి, న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీసి ఎర్త్‌కి కలిపేస్తారు. ఎక్కడన్నా న్యూట్రల్ తెగిందా, ఆ ముక్క గుండానే ఫేజ్ కూలర్ బాడీకి వచ్చేస్తుంది. అలాంటి పని చేస్తానన్నవాణ్ని ఇంట్లోకి రానివ్వకండి. ఉప్పు, బొగ్గు వేసి ఎర్త్ గొయ్యి తీయించండి, ఎండాకాలం దానికి నీళ్లు పోస్తూ ఉండండి.

వీలైతే మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి చూడండి, టక్కున పడిపోవాలి. పడలేదంటే అది పనిచేయట్లేదని, మార్పించేయండి.