అయస్కాంతం పాడు చేసింది నేనే

ఈసారి గోడపత్రికకు నేను కథ రాయలేదు. జరిగిన సంగతి రాస్తున్న.

దసరా సెలవుల ముందు మన ల్యాబులోని కడ్డీ అయస్కాంతం బలం పోయింది. అంతకుముందు 12 గుండుపిన్నులు లేపేది, తర్వాత 3 మాత్రమే లేపింది. ఆరో తరగతి తమ్ముడొకడు కింద పడేసిండని అందరం అన్నం. వాడు ఏడ్చిండు. మూడు రోజులు ఎవ్వరూ వానితో సరిగ్గా మాట్లాడలేదు. కాని వాడు ఏ తప్పూ చేయలేదు. బోరింగు దగ్గర బండ మీద పెట్టి సుత్తెతో కొట్టింది నేను.

ఎందుకు కొట్టిన? అయస్కాంతం లోపల చిన్న చిన్న భాగాలుంటయనీ, అన్నీ ఒకే దిక్కు చూస్తే బలం వస్తదనీ పాఠంలో విన్న. కొడితే అవి చెదురుతయా లేదా చూద్దామనుకున్న. చెదిరినయ్. కాని ఆ మాట చెప్పే ధైర్యం రాలేదు.

దొంగ మనసుతోనే సారును ఒక ప్రశ్న అడిగిన: "సార్, దెబ్బ తగిలితే అయస్కాంతం చెడిపోవుడేనా? ఇంకేం కాదా?" సారు నవ్వి, బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిండు.

కోబాల్టు, ప్లాటినం అనే లోహాలను ఒకదాని మీద ఒకటి పల్చని పొరలుగా వేస్తరు. కోబాల్టు పొర ఎంత పల్చగ అంటే రెండు మూడు పరమాణువుల మందం. రెండు లోహాలు కలిసే అంచు దగ్గరి గుణం వల్ల అందులో అయస్కాంతత్వం పడుకోకుండా, నిటారుగా నిలబడి ఉంటది. దాని మీద హీలియం అయాన్లను కొడతరు. జాతరలో పైకెగిరే బుగ్గల్లో నింపే హీలియమే. పరమాణువు నుండి ఎలక్ట్రాను తీసేస్తే అది అయాను అయితది. దాన్ని విద్యుత్తుతో వేగంగా తోలవచ్చు. అయాన్లు పొరలను దాటుకొని కిందికి పోతయ్. పోతూ పోతూ అంచు దగ్గరి పరమాణువులను కొంచెం జరుపుతయ్, కోబాల్టు ప్లాటినంలో కలుస్తది. నిలబడే గుణం తగ్గుతది. ఇంకా కొడితే అయస్కాంతత్వం పొర వెంబడి పడుకుంటది. చిత్రమేమంటే, పైన నున్నదనం దాదాపు అట్లనే ఉంటది! 1998లో ఫ్రాన్సులో క్లాడ్ షప్పేర్, ఆయన తోటివాళ్ళు ఈ పని చేసి చూపించిన్రు. మన ట్రంకు పెట్టెల మీద అచ్చురేకు పెట్టి నంబర్లు వేసినట్టు, అడ్డం పెట్టిన చోట మారదు, తెరిచిన చోటే మారుతది.

ఇంకొకటి విని నేను ఆశ్చర్యపోయిన. 100 పరమాణువుల్లో 60 ఇనుము, 40 అల్యూమినియం ఉన్న మిశ్రమం వరుసగా కుదురుగా ఉన్నప్పుడు మామూలు వేడిలో అయస్కాంతం కాదు. అయాన్లు కొట్టి వరుస చెదరగొడితే అయస్కాంతమైతది. 2014లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు నియాన్ అయాన్లతో అట్ల చిన్న చిన్న గుర్తులు వేసిన్రు.

అంటే దెబ్బ ఒక్కటే కాదు. ఎంత వేగం, ఎన్ని అయాన్లు, ఏ చోట, ఏ లోహం మీద అన్నది ముందే లెక్క కట్టుకుంటరు. ఏం మారిందో కొలిచి రాసుకుంటరు, చేసింది పేరుతో సహా చెప్తరు. నా సుత్తెకు లెక్క లేదు, చెప్పుడు అంతకన్నా లేదు. ప్రయోగం అని నేను అనుకున్నది ప్రయోగం కాదు.

చెడిపోయిన రేడియో స్పీకరు అయస్కాంతం తెచ్చి, మన కడ్డీని ఒకే దిక్కుకు 50 సార్లు రుద్దిన. ఇప్పుడు 7 పిన్నులు లేపుతున్నది. మిగిలిన 5 నా బాకీ.

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళ ప్రయోగశాల ఒకటి ఉన్నదట. అక్కడ 30 లక్షల వోల్టుల అయాన్ యంత్రం ఉన్నదట. పొరల మీద అయాన్లు కొట్టి, వెనక్కి వచ్చినవాటిని చూసి లోపల ఏమున్నదో చెప్తరట. కుల్కచర్ల నుండి పరిగి మీదుగా బస్సెక్కి ఒకరోజు అది చూడాలని నా కోరిక. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటున్నది.

ఆరో తరగతి తమ్మీ, తప్పు నాది. నన్ను క్షమించు. వార్డెన్ సారూ, ఏ శిక్ష వేసినా సరే. వాని మీద పడ్డ మాట మాత్రం రేపు ప్రార్థనలో అందరి ముందు నేనే తీసేస్త.

ఇట్లు
మీ తోటి విద్యార్థి, 9వ తరగతి