రెండే మూతలు

నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్‌ల గురించి మాట్లాడుకునే చోట బొమ్మ ట్యాంకు ముచ్చట ఏంటిది అనుకోకండి. పొడుగు పోస్టే, జర ఓపిక పట్టండి.

మేము ముగ్గురం ఒకే తండా వాళ్లం. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఒకే రూము, హైటెక్ సిటీ చుట్టూ మూడు కంపెనీల్లో ఉద్యోగాలు. మా కాకా ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో వెల్డర్‌గా చేసి రిటైర్ అయిండు. ఆయనకు ఏదన్నా ఇయ్యాలని తలా కొంత వేసుకొని, 1:35 స్కేలు ప్లాస్టిక్ కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించినం. డబ్బా మీద బీఎంపీ-2 అని ఉంది. 1987 నుంచి ఆ ఫ్యాక్టరీలో 'శరత్' పేరుతో తయారైంది ఆ బండే. తండాలో అందరం ట్యాంకు అనే అంటం. నిజానికి అది ట్యాంకు కాదు, సైనికులను లోపల కూర్చోబెట్టుకొని పోయి పోరాడే బండి. అంటే మొదటి దిద్దుబాటు మాకే జరిగింది.

రెండు వారాలు రాత్రుళ్లు కూర్చొని అతికించినం. కొలిచి కూడా చూసినం. అసలు బండి పొడవు 6.735 మీటర్లు, 35తో భాగిస్తే 19.2 సెంటీమీటర్లు. సరిపోయింది. వెడల్పు 3.15 మీటర్లకు 9 సెంటీమీటర్లు. అదీ సరిపోయింది. ఇంజినీర్లం కదా, లెక్క కుదిరితే అంతా కరెక్టే అనుకున్నం.

ఆదివారం తండాకు తీసుకపోయి చేతిలో పెడితే, కాకా వెనక పైకప్పు చూసి "నాలుగు మూతలెందుకున్నయ్? రెండే ఉంటయ్" అన్నడు. డబ్బా మీద బొమ్మ చూపించినం. "తయారు చేసినోళ్లకు తెల్వదా కాకా" అని నవ్వినం కూడా. ఆయన మళ్లీ మాట్లాడలే. బొమ్మను అరుగు మీద పెట్టి, బర్రెకు నీళ్లు పెట్టనీకి లేచి పోయిండు.

ఆ రాత్రి రూముకొచ్చి రిపబ్లిక్ డే పరేడ్ ఫొటోలు వెతికినం. కాకా చెప్పిందే నిజం. నాలుగు మూతలుండేది పాత బీఎంపీ-1కు. దాని టరెట్‌లో ఒక్కడే కూర్చుంటడు. బీఎంపీ-2 టరెట్‌లో ఇద్దరు కూర్చోవాలె, అందుకే టరెట్ పెద్దగైంది, వెనక మూతలు రెండుకు తగ్గినయ్. మా కిట్‌లో పాత బండి ఒంటి మీద కొత్త టరెట్ పెట్టి అమ్మిండ్రు.

కిట్ తప్పు సరే. మా తప్పు సంగతి? ఇన్నేండ్లు ఫ్యాక్టరీలో ఏం చేస్తవని మేమెప్పుడూ కాకాను అడగలే. ఆయనా చెప్పలే, అక్కడి సంగతులు బయట చెప్పొద్దు. చెప్పడు కాబట్టి చిన్న పని అనుకున్నం. మేము రోజూ దాటిపోయే సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అంతకు పదకొండేండ్ల ముందే మొదటి శరత్ బయటికొచ్చింది. అయినా తండాలో ఇంజినీరింగ్ మాదాపూర్‌లోనే పుట్టినట్టు మాట్లాడేది మేమే.

దిద్దుడు మొదలువెట్టినం. ముందున్న రెండు మూతలు కోసేసి, గడువు తీరిన ఏటీఎం కార్డు ముక్కలతో రంధ్రాలు మూసినం. కిట్ గమ్ కార్డుకు పట్టలే, ఫెవిక్విక్ పట్టింది. సందుల్లో పుట్టీ పెట్టి, నీళ్ల కాగితంతో రుద్దినం. ఒక మూల ఎక్కువ రుద్ది చెడగొట్టినం, మళ్లీ పుట్టీ. గొట్టం కొన కూడా తప్పే, అసలు రంధ్రమే లేదు. 30 మిల్లీమీటర్ల తుపాకీ అంటే 35వ వంతుకు 0.86 మిల్లీమీటర్లు. నర్సుగా చేస్తున్న మా చెల్లె 18 గేజ్ సూది, వాడనిది, ఇచ్చింది. దాని లోపలి రంధ్రం 0.84. కొన కోసి, మొన అరగదీసి, గొట్టంలో దిగ్గొట్టినం.

మళ్లీ పోయినం. ఈసారి డబ్బా తీసుకపోలే. కాకాకు ముందు సారీ చెప్పినం, మా గోర్‌బోలిలో ఆ మాటకు సరైన మాట దొరకక ఇంగ్లీషులోనే. ఆయన నవ్వి, బొటనవేలితో పైకప్పు తడిమి చూసిండు. "రెండు. మంచిగుంది" అన్నడు. రంగు గురించి అడిగితే "మీ ఇష్టం" అన్నడు. తర్వాత బండి వెనక్కి తిప్పి, తలుపులు గోటితో తెరిచి చూసి,

"మరి ఇందులో డీజిల్ ఎక్కడ పోస్తర్రా?" అన్నడు.

ఆ బండి వెనక తలుపులు రెండూ లోపల బోలు, డీజిల్ ట్యాంకులు అవే. మా కిట్‌లో తలుపులు కాగితమంత పలచగున్నయ్. కాకా అప్పుడు గంటసేపు మాట్లాడిండు, పరేడ్‌లో కనిపించేదాని గురించి మాత్రమే. ఇప్పుడు బండి మళ్లీ అయ్యప్ప సొసైటీలో మా టేబుల్ మీద ఉంది. ఇంకో ఏటీఎం కార్డు కోస్తున్నం.