సంతకం ఎవరిది? రహస్యం ఎవరిది?

అరకులో ఆశ్రమ పాఠశాల వరండాలో కూర్చుని ఆ కాగితం చదివాను. నేను స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పేదాన్ని. ఒక మందు పరీక్ష లెక్కలు చూసి అభిప్రాయం చెప్పమని ఒక నియంత్రణ సంస్థ అడిగింది. లెక్కలకన్నా ముందు గోప్యతా ఒప్పందం వచ్చింది. నేనేం చూశానో, ఏం చెప్పానో, అసలు నన్నడిగారన్న సంగతి కూడా బయట అనకూడదట.

"సంతకమేగా అక్కా! పిల్లల తరఫున మేం రోజూ పెడుతూనే ఉంటాం" అంది వార్డెన్‌గా ఉన్న నా స్నేహితురాలు.

ఆ మాటకి భద్రాచలం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. వాళ్లలో ఎందరో హాస్టళ్లలో ఉండే ఆదివాసీ పిల్లలు. కొందరు చనిపోయిన వార్తలొచ్చాక, మహిళా సంఘాలు నిలదీశాక, 2010 ఏప్రిల్లో ఆపారు. 2013 నాటి పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక చూడండి: ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 వార్డెన్ల సంతకాలు!

మరణాలకి టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. నిజమే కావచ్చు. ఆ టీకా మేలైనదేనని నేనూ నమ్ముతాను, నా కూతురికి వేయించాను. కానీ 'కారణం కాదు' అనడానికి లెక్క కావాలి కదా! ఎంతమందికి వేశారు, టీకా వేయని అదే వయసు పిల్లల్లో మరణాలెన్ని, జ్వరమొస్తే రాసుకున్నదెవరు? దుష్ఫలితాల మీద సరైన నిఘాయే లేదని స్థాయీ సంఘం తప్పుపట్టింది. విచారణ సంఘంలోని నిపుణుల నుంచి, తమకే స్వప్రయోజనాలూ లేవన్న రాతపూర్వక హామీ కూడా ముందుగా తీసుకోలేదట.

గోప్యత అక్కర్లేదని కాదు. ఆ పిల్ల పేరు, ఊరు, జబ్బు ఆమె సొంతం. వాటిని ప్రాణంలా దాచాలి. నిపుణురాలి పేరు, ఆమె అడిగిన ప్రశ్నలు, ఇచ్చిన కారణాలు మాత్రం ఆ పిల్ల తల్లికి తెలియాల్సినవి. మన దగ్గర ఇది తలకిందులైంది. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘాల్లో ఎవరున్నారో, ఏం మాట్లాడారో సాధారణంగా అందరికీ అందుబాటులో పెడతారు. వాళ్లకేం కొంప మునగలేదే!

పిల్లల వివరాలు నా గడప దాటవు, నా అభిప్రాయం మాత్రం నా పేరుతో బయటపెట్టాలి అని జవాబు రాశాను. ధన్యవాదాలు చెప్పి వాళ్లు ఇంకెవరినో అడిగారు.

ఎవరినో నాకు తెలీదు. అదీ రహస్యమే.