గేరుబాక్సు ప్రయాణము

గర్భిణులను ఆసుపత్రికి చేర్చే మా సంఘపు పాత జీపు 2019లో మూలపడింది. చెన్నై పుదుపేటలో వాడిన గేరుబాక్సు చౌకగా దొరికింది గాని, దానిని మార్కాపురం దగ్గరి మా ఊరికి తేవడమే చిక్కయింది. వ్యాను మాట్లాడితే కిరాయి సామాను ధరను మించుతున్నది!

చివరకు లారీ పార్సిలు ఆఫీసులో విడి సరుకుగా వేశాము. లారీ అంతటికీ కాదు, మన సామాను బరువుకే కిరాయి. ఇంటికి తేనక్కరలేదు, ఒంగోలు గోడౌనులోనే తీసుకొంటామంటే ఇంకా తగ్గింది. అక్కడ కూరగాయలు దింపి ఖాళీగా తిరిగివచ్చే మా ఊరి ట్రాలీ ఆటో ఉండనే ఉన్నది.

అయితే తొందరలో ఒక తప్పు చేశాము. లోపలి ఆయిలు వంచకుండా గోనె చుట్టి పంపాము. అది దారిలో కారి, ప్రక్కనున్న బట్టల మూట పాడైంది. మిగిలిందనుకొన్న డబ్బంతా ఆ బట్టల వ్యాపారికే చెల్లించాము. ఆయన ఒక్క మాట అనలేదు. అందుకే మాకు మరింత సిగ్గేసింది.

ప్రియులారా, మీరు పంపేటప్పుడు ఆయిలు పూర్తిగా వంచి, రంధ్రాలకు బిరడాలు బిగించి, చెక్కపెట్టెలో కదలకుండా పెట్టించండి. కొన్న బిల్లు తోడుగా ఉండాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కూడా కావాలి. లారీ రశీదు భద్రము. అది చూపనిదే గోడౌనువారు సరుకు ఇవ్వరు.