దండెం మీద కిల్టు, పక్కన లుంగీ

ఆ గళ్ల లంగా ఎవరిదని అడుగుతున్నవా వదినా? లంగా కాదు, మా పెద్దోడి కిల్టు. గ్లాస్గో నుంచి దసరాకు వచ్చేటప్పుడు తెచ్చుకున్నడు. ఇట్ల దగ్గరికి రా, గోడ మీదికెల్లి పట్టుకొని చూడు, ఎంత బరువున్నదో! అంతా ఉన్ని. నేను ఉతకలే. ఉన్నిని మన బట్టల లెక్క బండకేసి బాదొద్దట. నీడకు వేలాడదీసి, బ్రష్షుతోటి దుమ్ము దులిపితే చాలన్నడు. అందుకే దండేనికి ఈ చివర పెట్టిన. పక్కన ఉన్నది మీ అన్న లుంగీ. అదైతే రోజూ ఉతుకుడే.

ఈ కుచ్చిళ్లు చూసినవా, అన్నీ వెనకకే. ముందర రెండు పొరలు ఒకదాని మీద ఒకటి వచ్చి సాఫుగ ఉంటది. పక్కలకు తోలు పట్టీలు. మంచి కిల్టుకు ఎనిమిది గజాల దాక బట్ట పడ్తదట! మన ధోతి ఎనిమిది మూరలు, అంటే అందుల సగం. దీనికి జేబులుండవు. అందుకని నడుము ముందర తోలు సంచి ఒకటి కట్టుకుంటరు, స్పోరన్ అంటరు దాన్ని. మా అత్తమ్మ చేతుల పట్టుకొని, "నా వక్కాకు తిత్తి లెక్కనే ఉన్నది" అని మురిసింది.

పండుగకో పెండ్లికో కట్టుకుంటడనుకున్న నేను. "లేదమ్మా, సెలవు రోజు బజారుకు పోయినా కట్టుకుంట, నడవనీకి హాయిగ ఉంటది" అన్నడు. ఇక్కడ కూడా కట్టుకుంటనంటే గుండెల దడ పుట్టింది. మొదటి రోజు మేడ్చల్ మార్కెట్‌కు నా వెంట వచ్చిండు. ఆ రోజు నేను వాడికి పది అడుగులు ముందర నడిచిన వదినా. కన్నకొడుకు పక్కన నడవనీకి సిగ్గుపడ్డ. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుతనే ఉన్నది.

టమాటలమ్మే పెద్దమ్మ, "ఏంది బిడ్డా, లంగ కట్టినవు?" అన్నది. "లంగ కాదు పెద్దమ్మా, స్కాట్లాండుల మొగోళ్ల ధోతి" అన్నడు. అంతే. కోపం చెయ్యలే, తల దించలే, ఉపన్యాసం చెప్పలే. ఆమె వెంటనే, "ఎన్ని గజాలు, ఎంతయింది?" అని ధర అడిగింది. బట్ట సంగతి అడుగుడు మొదలైతే ఎక్కిరింత ఆగిపోతదని ఆ రోజు నా కండ్లతోటి చూసిన. ఇద్దరు పిలగాళ్లు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తుంటే దగ్గరికి పోయి, "తియ్యిరి తమ్మీ, కానీ అడిగి తియ్యాలె" అన్నడు. వాళ్లు ఫోన్లు దించిన్రు. ఒకాయన మాత్రం లోపల ఏమేసుకున్నవని అడిగిండు. "అది అడిగే మాట కాదన్నా" అని మెల్లగ చెప్పి ముందుకు నడిచిండు. నిక్కరున్నది వదినా, నేనే దగ్గరుండి వేయించిన. షామీర్‌పేట చెరువు కట్ట మీద గాలి ఎట్ల కొడ్తదో నాకు తెల్వదా!

మన వీధి చివరి పిల్ల, గుండ్లపోచంపల్లి గార్మెంట్ పార్కుల కుట్టుపనికి పోతది చూడు, ఆమె వచ్చి కుచ్చిళ్లు ఒక్కొక్కటి వేలితోటి లెక్కబెట్టింది. మడత మీద మడత పడ్డా గళ్లు చెదరకుండ గీతకు గీత కలిసింది, దీన్ని కుట్టినోళ్లకు ఎంత ఓపికో అన్నది. మూడో రోజుకు వీధిల ఎవ్వరూ తల తిప్పి చూడలే. కుక్కలు కూడా అలవాటు పడ్డయి.

అసలు బాధ అది కాదు. నాలుగో రోజు జరిగింది చెప్త విను.

కట్ట మైసమ్మకు మొక్కు చెల్లించి వస్తున్నం. రాజీవ్ రహదారి మీద ఒక పెద్ద హోటల్ కనబడితే పగటి బువ్వ అక్కడ తిందామన్నడు పెద్దోడు. వాడు కిల్టుల ఉన్నడు. మీ అన్న లుంగీల ఉన్నడు. ముప్పై రెండేండ్లు ఫ్యాక్టరీల మందం ప్యాంటు వేసి తొడలు ఒరిసి పుండ్లు పడ్డయి ఆయనకు, రిటైరైనంక లుంగీ కట్టినంకనే మానినయి. ఆ రోజు కట్టింది ఇస్త్రీ చేసిన లుంగీ, మీద తెల్ల అంగీ. తలుపు దగ్గరి పిలగాడు మావోడికి సలాం కొట్టి తలుపు తీసిండు. వెనక వస్తున్న మీ అన్నను చూసి చెయ్యి అడ్డం పెట్టిండు. "పెద్దాయనా, లుంగీ ఉంటే లోపలికి లేదు."

పెద్దోడు ఆగిండు. "తమ్మీ, నాది కూడా లుంగీనే. కుట్టిన లుంగీ. నన్నెట్ల రమ్మన్నవు?" అన్నడు. ఆ పిలగాడు ఏం చెప్తడు పాపం, వాడి కొలువు వాడిది. మేం వెనకకు తిరిగినం. రోడ్డు పక్క మెస్సుల తిన్నం. పప్పుచారు బాగుండె. మీ అన్న మాత్రం రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నడు.

ఆ రాత్రి అరుగు మీద కూసొని, వాళ్ల నాయినకు ఈ కిల్టు కథ చెప్పిండు పెద్దోడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్న. 1746లో స్కాట్లాండు కొండలోళ్లు కలోడెన్ అనే చోట లండన్ సర్కారుతోటి కొట్లాడి ఓడిపోయిన్రట. అదే ఏడు, మొగోళ్లు పిలగాళ్లు ఎవ్వరూ ఆ కొండ బట్ట కట్టొద్దని చట్టం చేసిన్రు. కడితే ఆరు నెలలు జైలు. రెండోసారి దొరికితే ఏడేండ్లు సముద్రాల అవతలికి పంపుడు. సర్కారు పటాలంల చేరినోళ్లకు మాత్రం మాఫీ. మన మిలిటరీ బ్యాండులు ఇప్పటికీ ఊదే బ్యాగ్‌పైపు ఆ పటాలాలతోటే వచ్చింది. 1782లో గాని ఆ చట్టం తియ్యలే, 36 ఏండ్లు! తర్వాత 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చి తానే కిల్టు కట్టిండు. నవలలు రాసే వాల్టర్ స్కాట్ ఆ సంబురాలకు పెద్ద. అప్పటిసంది అది దొరల బట్ట అయింది. కొండోడు కడితే జైలు, రాజు కడితే సంబురం. బట్ట అదే.

నాకు హోటల్ తలుపు యాదికొచ్చింది. మా ఇంటోళ్లవి రెండూ గళ్ల బట్టలే, రెండూ నడుముకు చుట్టుకునేవే. ఒకటి విమానం దిగింది, ఇంకోటి మేడ్చల్ దుకాణంల కొన్నది. తలుపు కాడ చూసేది బట్ట కాదు వదినా, కట్టుకున్న మనిషి ఎక్కడోడు, ఎంతోడు అన్నది.

ధోతి సంగతి చూడు. పోయిన ఎండకాలం మీ మనుమడికి ధోతి ఫంక్షన్ చేసినం గదా. మేనమామ కొత్త ధోతి కట్టించిండు, హాలంత పూలు, ఫొటోలు, ఐదొందల మందికి భోజనాలు. వాడు మళ్ల కట్టిండా? బీరువాల పడి ఉన్నది. ఒక్క రోజు కడితే అందరం అక్షింతలు వేస్తం, రోజూ కడ్తనంటే ఎందుకు బిడ్డా అంటం. పీవీ నరసింహారావు ప్రధానమంత్రి అయినా ధోతి విడవలే. వైఎస్ 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాక నడిచింది పంచెకట్టు మీదనే. వాళ్లను ఎవ్వరూ ఆపలే. కానీ 2014 జూలైల మద్రాసు హైకోర్టు జడ్జి హరిపరంతామన్‌ను, పంచె కట్టుకొని పోయినందుకు ఒక క్రికెట్ క్లబ్బు లోపలికి రానియ్యలే. జడ్జిని! తమిళనాడు సర్కారు అదే ఏడు చట్టం తెచ్చింది, పంచె కట్టినోళ్లను అట్ల ఆపొద్దని. 2024 జూలైల బెంగళూరుల, కొడుకుతోటి సినిమాకు వచ్చిన రైతును మాల్ గేటు కాడ ధోతి ఉన్నదని ఆపిన్రు. సర్కారు ఆ మాల్‌ను ఏడు రోజులు మూయించింది. ధోతికి అడిగేటోళ్లన్న ఉన్నరు. లుంగీకి ఎవరున్నరు?

లుంగీ తక్కువ బట్టనా వదినా? పుట్టపాక, చీరాల సాలోళ్లు నూలును నూనెల నానబెట్టి నేసే తేలియా రుమాలు ఉన్నది గదా, ఎర్ర నల్ల గళ్లది. దాన్ని చేపలు పట్టేటోళ్లు, పశుల కాసేటోళ్లు లుంగీగ చుట్టుకునేది, తలకు పాగా కట్టేది. పుట్టపాక రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఫిజీ దీవులల 1903 నుంచి మద్రాసు రేవుల ఓడలెక్కి చెరుకు తోటలకు పోయిన మన తెలుగోళ్ల పిల్లలు ఉన్నరు. అక్కడ పోలీసోళ్లు సులు అనే లుంగీలాంటి బట్ట కట్టుకొని డ్యూటీ చేస్తరు. ఆఫీసులకు పోయేటోళ్లకైతే జేబులు పెట్టి కుట్టిస్తరు. బర్మాల లుంగీ కట్టుకొనే పార్లమెంటుల కూసున్నరు.

ఇంత దూరం ఎందుకు? మన ఇండ్లున్న ఈ జాగ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు. పందిళ్ల కింద పురుగుల మందు కొట్టినోళ్లు, గుత్తులు కోసినోళ్లు లుంగీ మోకాళ్ల మీదికి మడిచి కట్టుకొనే చేసిన్రు. తోటలు పోయి విల్లాలు లేచినయి. ఆ తోటల పనిచేసిన తాతలే ఇయ్యాల గేటు బయట బెంచీ మీద కూసుంటున్నరు.

నిన్ను పిలిచింది ఇందుకే. మన కాలనీ సంఘపోళ్లు నోటీసు బోర్డుకు ఒక కాయితం రాసిపెట్టిన్రు, ఆదివారం మీటింగుల ఒప్పించుకొని అతికిస్తరట. పార్కుల లుంగీ కట్టుకొని తిరగొద్దని. చదివితే అందుల నైటీ కూడా ఉన్నది వదినా. 2023లో గ్రేటర్ నోయిడాల ఒక అపార్ట్‌మెంటోళ్లు ఇట్లనే రాసిన్రు, దేశమంత మాట్లాడుకున్నది. అంతకు ముందు 2018లో పశ్చిమ గోదావరి తోకలపల్లిల ఊరి పెద్దలు ఆడోళ్లు పొద్దున ఏడింటి నుంచి రాత్రి ఏడింటి దాక నైటీ వేసుకోవద్దని పెట్టిన్రు. వేసుకుంటే రెండు వేలు జుర్మానా, చూసి చెప్పినోళ్లకు వెయ్యి రూపాయల ఇనాం. పక్కింటామెను పట్టిస్తే వెయ్యి రూపాయలు! ఇప్పుడు ఈ గోడ కాడ నువ్వు నైటీ మీద తువ్వాల కప్పుకొని నాతోటి మాట్లాడుతున్నవు. ఇందుల ఎవరికేం నష్టమయింది చెప్పు.

శుభ్రంగ ఉండాలె, ఒళ్లు కనబడకుండ కట్టుకోవాలె అని రాయమను, నేనే మొదటి సంతకం పెడ్త. బట్ట పేరు రాసి మనిషిని ఆపుడు మాత్రం నేనొప్పుకోను. మీ అన్న హోటల్ నుంచి వచ్చిన రోజు సంది పొద్దటి నడకకు ప్యాంటు తొడుక్కుంటున్నడు. మళ్ల తొడలు ఒరుస్తున్నయి. రోజూ చూసుకుంట ఎట్ల ఊకుంట?

మీటింగు పదింటికి. పెద్దోడి విమానం సోమవారం, ఆదివారం ఇక్కడనే ఉంటడు గనుక వాడు కిల్టుల వస్తనన్నడు. మీ అన్నకు ఆ లుంగీ ఇస్త్రీ చేసి పెడ్త. ఈసారి వాళ్ల ముందర కాదు, వాళ్ల పక్కనే నడిచి వస్త. నువ్వు కూడా ఇట్లనే, తువ్వాల కప్పుకొని రా వదినా. మాట్లాడేది నేను మాట్లాడుత. నువ్వు నా పక్కన నిలబడు.