నల్లబడ్డ అంచు

గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ అంచు మీద మెరిసే జరీయే చీరకు అందం, ధర కూడా. మరి ఆ జరీ నల్లబడితే? 'నకిలీది అంటగట్టారు' అనేస్తాం. మా ఇంట్లో ఆ మాట ఇరవై ఏళ్లుగా నలుగుతోంది.

1983లో అమ్మ పెళ్లికి తాత తెచ్చిన చీర అది. వనపర్తి దగ్గరి పల్లెలో పల్లీలు అమ్మిన డబ్బు మూటగట్టుకుని గద్వాల వెళ్లాడట. అసలు జరీ అని చెప్పి ఇచ్చారట. అంచు నల్లబడ్డప్పటి నుంచీ అమ్మ దాన్ని కట్టడం మానేసింది. "మా నాయిన అమాయకుడు, మోసపోయిండు" అనేది. చీర పాడైనందుకు కంటే ఆ మాటకే ఎక్కువ బాధపడేది.

ఈమధ్య నాగర్‌కర్నూల్‌లో మా వీధికి పాత పట్టుచీరలు కొనే మనిషొచ్చాడు. అంచు చూసి, "రాగి జరీ అమ్మా" అంటూ రెండు స్టీలు గిన్నెలు ఇస్తానన్నాడు. అమ్మ ఇచ్చేసేదే! ఇంటర్ చదువుతున్న మా అక్క కూతురు అడ్డుపడింది. "ఆగు అమ్మమ్మా, వెండి కూడా నల్లబడుతది కదా!"

నిజమే. అసలు జరీ అంటే పట్టుదారానికి చుట్టిన సన్నటి వెండి తీగ, దానిపై బంగారు పూత. పూత చాలా పలచన. మడతల్లో, రాపిడికి అది అరిగినచోట గాలిలోని గంధకపు వాయువులు వెండిని తాకుతాయి. అప్పుడు ఆ రెండు మూలకాల మధ్య జరిగే బేరం భలేగా ఉంటుంది. వెండి లోహం కాబట్టి ఎలక్ట్రాన్‌ను ఇచ్చేస్తుంది. గంధకం అలోహం, తీసుకుంటుంది. ఇచ్చింది చిక్కిపోతుంది, పుచ్చుకున్నది ఉబ్బిపోతుంది!

ఎంత? ఈ లెక్కలు పికోమీటర్లలో ఉంటాయి. మిల్లీమీటరులో వంద కోట్ల వంతు ఒక పికోమీటరు. వెండి పరమాణువు వ్యాసార్ధం 144. చిట్టచివరి కక్ష్యలో ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రాన్ పోగానే ఆ కక్ష్యే ఖాళీ అవుతుంది. మిగిలిన 46 ఎలక్ట్రాన్లను 47 ప్రోటాన్లు మరింత దగ్గరకు లాక్కుంటాయి. వెండి అయాన్ సుమారు 115కి తగ్గిపోతుంది. గంధకం కథ దీనికి తలకిందులు. దాని పరమాణువు దాదాపు 104. రెండు ఎలక్ట్రాన్లు వచ్చి చేరేసరికి 16 ప్రోటాన్లు 18 ఎలక్ట్రాన్లను సముదాయించాలి. అవేమో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఇరుకింట్లోకి చుట్టాలు దిగినట్టే! వ్యాసార్ధం 184కి పెరుగుతుంది. ఈ రెండూ కలిసిన సిల్వర్ సల్ఫైడే ఆ నలుపు.

అయితే నల్లబడింది కదా అని అది వెండే అనుకోవడానికీ లేదు. రాగి జరీ కూడా కాలం గడిస్తే రంగు మారుతుంది. అందుకే అంచు చివర ఊడిన పోగొకటి కత్తిరించి కంసాలి దగ్గరకు తీసుకెళ్లాం. గీటురాయి మీద రుద్ది చూసి, "వెండేనమ్మా" అన్నాడాయన. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం తాత ఫొటో తుడిచి, చాలాసేపు అక్కడే నిలబడింది.

పైనున్న బంగారం ఎందుకు నల్లబడలేదన్నది నా సందేహం. మా పిల్ల పుస్తకం తిరగేసి చెప్పింది. బంగారానికి 79 ఎలక్ట్రాన్లు, వెండికి 47. అయినా రెండు పరమాణువుల వ్యాసార్ధమూ 144 దగ్గరే! బంగారానికి ముందు వరుసలో వచ్చే లాంథనైడ్ మూలకాల్లో లోపలి కక్ష్యలో చేరే 14 ఎలక్ట్రాన్లు కేంద్రకపు లాగుడును సరిగా అడ్డుకోలేవు. అందుకే బంగారం పరమాణువు పెరగాల్సినంత పెరగలేదు. చివరి ఎలక్ట్రాన్‌ను అంత గట్టిగా పట్టుకుంది కాబట్టే గంధకానికి లొంగదు. పైగా ఒకే కొలత ఇటుకల్లా బంగారం, వెండి ఏ పాళ్లలోనైనా కలిసిపోతాయి. రాగి పరమాణువు 128. వెండితో అంత సులువుగా ఒదగదు.

వెండి కుంకుమభరిణె నల్లబడితే అల్యూమినియం రేకు పరిచిన గిన్నెలో పెట్టి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పోసి చూడండి. అల్యూమినియం మూడు ఎలక్ట్రాన్లు ఇచ్చేసి 143 నుంచి 54కు కుంచించుకుపోతుంది. పోయిన ఎలక్ట్రాన్ వెండికి తిరిగొస్తుంది. పట్టుచీర మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు, సోడా క్షారానికి పట్టు పాడవుతుంది. మా పిల్ల అప్పటికే వంటింట్లో రేకు వెతుకుతుంటే అమ్మ చీర లాక్కుని తెల్లటి నూలుగుడ్డలో చుట్టేసింది. "నల్లగున్నా ఏం గాదు, వచ్చే పెండ్లికి కట్టుకుంట" అంది.