అమ్మ నోట నాన్న పేరు

మా అమ్మ నాన్న పేరు పలకగా నేనెప్పుడూ వినలేదు. కొత్తకోడలిగా వచ్చిన రోజు గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెప్తేగానీ లోపలికి రానివ్వమంటే ఒక్కసారి చెప్పిందట. అదీ ఎవరికీ వినపడకుండా. ఆ తరవాత రేషన్ కార్డు దగ్గరైనా, ఆసుపత్రిలోనైనా "భర్త పేరేంటమ్మా?" అని అడిగితే నావైపో తమ్ముడివైపో చూసేది. మేమే "బోసు" అని చెప్పేవాళ్ళం. పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ భయం.

ఆ పేరే కాదు, దాని పోలిక ఉన్న మాట కూడా రానిచ్చేది కాదు. పసిపిల్లల బోసినవ్వు మా ఇంట్లో "పళ్ళులేని నవ్వు". నేతాజీ "కళ్ళజోడు, టోపీ ఆయన". 2023లో నాటు నాటు పాటకి ఆస్కార్ వస్తే టీవీ ముందు కూర్చుని ఎంత మురిసిపోయిందో! కీరవాణి పేరు పదిసార్లు చెప్పింది. రెండో ఆయన మాత్రం "పాట రాసినబ్బాయి". చంద్రబోస్ అనాలి కదా మరి.

నాన్న పుట్టింది 1946లో. ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ళ మీద విచారణ నడిచి దేశమంతా ఊగిపోయిన రోజులవి. తాతయ్య ఇంకో ఆలోచన లేకుండా బోసు అని పెట్టేశారు. నాన్న క్లాసులో ఇద్దరు గాంధీలు, ఒక నెహ్రూ ఉండేవారట. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అవన్నీ వాళ్ళ ఇంటిపేర్లు! మనకి ఇంటిపేరు ముందొస్తుంది, వాళ్ళకి చివరొస్తుంది. ఎవరిదో ఇంటిపేరు తెచ్చుకుని మనవాళ్ళు పిల్లలకి అసలు పేరు చేసేశారు.

దీంతో నాన్న బాగానే పడ్డారు. ఉద్యోగం ఖరగ్‌పూర్‌లో, రైల్వేలో. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళకేం కొదవలేదు. అయినా కొత్తగా వచ్చిన బెంగాలీ ఆఫీసర్లు బోసు అని వినగానే బెంగాలీలో మొదలుపెట్టేవారు. "పేరేమిటి?" "బోసు." "అది సరేనండీ, పేరు?" ఇదే వరస.

మా క్వార్టర్స్‌లో పక్కింటి బెంగాలీ మాస్టారు ఒకాయన ఉండేవారు. అసలు సంగతి చెప్పింది ఆయనే. బోసు అన్నది మన సంస్కృతం "వసు"వేనట. బెంగాలీలో వ కాస్తా బ అవుతుంది, అకారం ఒకారంలా పలుకుతుంది. అలా వసు బొసు అయింది. ఇంగ్లీషులో ఒకరు బోస్ అని, ఒకరు బసు అని రాసుకుంటారు. అంటే సుభాష్ చంద్రబోస్, జ్యోతిబసు, ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. వసు అంటే ధనం, రత్నం, వెలుగు. అష్టవసువుల్లో ఒకడే శాపం తగిలి భీష్ముడై పుట్టాడు. అప్పుడు నాకు పదేళ్ళుంటాయేమో, భీష్ముడి దాకా వెళ్ళేసరికి మా నాన్న పేరు ఎంత పెద్దదో అనిపించింది.

నాన్న పోయిన మరుసటేడు తమ్ముడికి కొడుకు పుట్టాడు. తాత పేరు పెడతారని అమ్మ ఎదురుచూసింది. నోరు తెరిచి అడగలేదు, అడగాలంటే ఆ పేరు చెప్పాలిగా. తమ్ముడేమో "స్పీకర్ల కంపెనీ పేరులా ఉంటుందక్కా" అని ఇంకేదో ఫ్యాషన్ పేరు పెట్టాడు. (ఆ కంపెనీ పెట్టిందీ ఒక బోసుగారే, అమర్ బోస్ అని, 1964లో. వాడికి చెప్పినా వినలేదు.) అమ్మ ఏమీ అనలేదు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు, అంతే.

ఈ ఏడు మా అమ్మాయికి పాప పుట్టింది. ఆడపిల్లకి బోసు ఎలా పెడతాం? అప్పుడు గుర్తొచ్చారు మాస్టారు. బారసాల నాడు అల్లుడు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో "వసుధ" అని రాశాడు. వసువుని, అంటే సంపదని, ధరించేది, భూమి. అమ్మ చూసి "బాగుంది" అంది. కాసేపయ్యాక నా దగ్గరికొచ్చి మెల్లిగా, "మీ నాన్న పేరు ఇంక ఎవరికీ లేనట్టేగా" అంది.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ చెప్తే? మునిమనవరాలిని ఇక పేరు పెట్టి పిలవదేమో. పొద్దున్న లేస్తే "వసూ, వసుధమ్మా" అని దాని చుట్టూనే తిరుగుతోంది. రెండు నెలలు మింగుకుని కూర్చున్నాను. చివరికి ఒకరోజు బట్టలు మడతపెడుతుంటే ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను.

చేతిలో లంగోటా అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. "అయితే ఇన్నాళ్ళూ ఆయన్నే పిలుస్తున్నానటే?" అంది. నాకు గుండె ఝల్లుమంది. తరవాత తనే, "పోయినాయనకి ఇంక ఆయుష్షు తగ్గేదేముందిలే" అని ఆ లంగోటా మడతపెట్టి పక్కన పెట్టింది.

మర్నాడు నేను వంటింట్లో ఉన్నాను. పెరట్లో అమ్మ కాళ్ళు చాపుకుని పాపకి నూనె రాసి నీళ్ళు పోస్తోంది. "ఏమే వసూ, ఎంత బోసినవ్వే నీది!" అంటోంది.